మోర్స్ నడిపిన జాగ్వార్ 2.4: ఏడేళ్ళ వాడకం తర్వాత

"ఇన్‌స్పెక్టర్ మోర్స్" అనే బ్రిటిష్ డిటెక్టివ్ టీవీ సీరియల్ చూసి, అందులో మోర్స్ నడిపే జాగ్వార్ మార్క్ 2 మీద మనసు పడ్డవాళ్ళు ముందు గమనించాల్సింది, ఆ కారు ఆక్స్‌ఫర్డ్ సందుల్లో ఎంత నింపాదిగా వెళ్తుందో. ఆ నడక కథలోని మనిషికి సరిపోయింది, నిజమే. కానీ ఆ కారు స్వభావమూ అదే. అందులో ఉన్నది 2.4 లీటర్ల ఇంజన్. ఇదే మార్క్ 2 లో 3.8 లీటర్ల మోడల్‌కు 220 హార్స్‌పవర్ ఉంటే దీనికి 120. దాంతోనే దాదాపు టన్నున్నర బరువు లాగాలి. గంటకు 60 మైళ్ళు అందుకునేసరికి 17 సెకన్ల దాకా పడుతుంది. మాన్యువల్ గేర్లూ, పై గేర్‌లో ఇంజన్ చుట్లు తగ్గించే ఓవర్‌డ్రైవూ ఉన్న 2.4 ను ఇంగ్లండ్ రోడ్ల మీద ఏడేళ్ళు, సుమారు 19 వేల మైళ్ళు నడిపాక చెప్తున్నాను: ఆ వేగం చాలనుకునేవాళ్ళకు ఇంత హాయైన పాత కారు ఇంకోటి నాకు తగల్లేదు. అయితే కొనేటప్పుడు చూడాల్సింది ఇంజన్ కాదు, బాడీ.

తెర మీది కారు 1960 నాటిది, నంబరు 248 ఆర్‌పీఏ. ఎర్ర బాడీ, నల్ల వినైల్ కప్పు. 1987 నుంచి 2000 దాకా 33 భాగాలు తీశారు. షూటింగ్ జరిగినన్నాళ్ళూ అది కెమెరా ముందు మెరిసిందే తప్ప, లోపల బాగా నలిగిన బండి. సీరియల్ అయిపోయాకే దాన్ని పూర్తిగా బాగుచేశారు. అమ్మకానికి వచ్చే మార్క్ 2 ల ఫొటోలు కూడా అలాగే లోపాలు కనబడనంత దూరంలో నిలబడి తీసినవే ఉంటాయి. ఇంకో ముచ్చట: మోర్స్‌గా వేసిన జాన్ థా, అంతకు ముందు 1975–78 లో వచ్చిన "ది స్వీనీ"లో ఫోర్డ్ కార్లెక్కి దొంగల జాగ్వార్లను తరిమిన పోలీసు. అప్పటికి పాత జాగ్వార్లు చవక. కొన్నేళ్ళకే అదే నటుడి చేతిలో అదే కంపెనీ కారు పెద్దమనిషి బండి అయిపోయింది.

ఇక బాడీ. మార్క్ 2 కు విడిగా ఛాసిస్ లేదు, రేకే ఛాసిస్. అందుకే తలుపుల కింద పొడుగునా ఉండే సిల్స్ తుప్పు పడితే కారు నడుము విరిగినట్టే. చూసే పద్ధతి సులువు. కారు సొంత జాకీని దాని పాయింట్లో పెట్టి లేపండి, లేపే ముందూ లేపాకా తలుపు తెరిచి మూసి చూడండి. సందు మారినా, తలుపు పట్టేసినా సిల్ పోయిందని అర్థం. తర్వాత ముందు గ్రిల్ దిగువన అడ్డంగా ఉండే దూలం, అంటే క్రాస్ మెంబర్, దానికి ఆసరాగా రెండు పక్కలా ఉండే ముక్కలు. మడ్‌గార్డ్ లోంచి ఎగిరిన మట్టి అక్కడే తడిగా నిలబడుతుంది. వెనక వైపు స్ప్రింగ్ కట్టలు దూరే పెట్టెల్లోకి చెయ్యి పెట్టి చూడాలి. వెనక యాక్సిల్‌ను పక్కలకు కదలకుండా ఆపే పాన్‌హార్డ్ రాడ్ బాడీకి పట్టే బ్రాకెట్ దగ్గర పగుళ్ళొస్తాయి. మలుపులో కారు వెనక భాగం తోక ఊపినట్టు అనిపిస్తే టైర్లను అనుమానించే ముందు అక్కడ టార్చ్ వేయండి. మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం ఒకటి జేబులో ఉంచుకోండి, పుట్టీ ఉన్నచోట అది అతుక్కోదు. వినైల్ కప్పున్న కారైతే అంచుల్ని వేలితో నొక్కండి. కింద తేమ చేరితే రేకు లోపలే తినేస్తుంది, బుడగలు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

రీస్టోరేషన్‌లో డబ్బు తినేసేది ఈ టింకరింగే. ఆ తర్వాత క్రోమ్, లోపలి చెక్క పలకలు, తోలు సీట్లు. ఇంజన్ పని వీటన్నిటికంటే తేలిక, సామాను కూడా దొరుకుతుంది.

ఇంజన్‌లో ముందు చెవి పెట్టాల్సింది వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పే టైమింగ్ చైన్లకు. రెండున్నాయి. పై చైన్ వదులైతే బిగించుకోవచ్చు. కింది చైన్ గలగలలాడితే ఇంజన్ దించాల్సిందే. దాని టెన్షనర్‌కు ఆయిల్ వెళ్ళే దారిలో చిన్న జాలీ ఉంటుంది, అది మూసుకుపోతే చైన్ త్వరగా అరుగుతుంది. కాబట్టి 20డబ్ల్యూ–50 మినరల్ ఆయిల్‌ను తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి మార్చడమే మందు. వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వ్ దగ్గర వదలాల్సిన సందు, ఇన్‌లెట్‌కు 0.004 అంగుళం, ఎగ్జాస్ట్‌కు 0.006. సరిచేయాలంటే క్యామ్‌షాఫ్ట్ విప్పి షిమ్‌లనే పలుచని బిళ్ళలు మార్చాలి. సన్నగా టిక్ టిక్ వినిపిస్తే భయం లేదు, అసలు చప్పుడే లేకపోతే కొలిపించండి. వేడెక్కాక 3000 ఆర్‌పీఎం దగ్గర ఆయిల్ ప్రెషర్ చదరపు అంగుళానికి 40 పౌండ్లు ఉండాలి. మీటరు తక్కువ చూపిస్తే ముందు మెకానికల్ గేజ్ తగిలించి చూడండి, ఎక్కువసార్లు తప్పు మీటరుకు కబురు పంపే సెండర్‌దే అవుతుంది. వెనక ఆయిల్ సీల్ తాడు రకం, ఆపిన చోట నాలుగు చుక్కలు పడతాయి. ధార కడితేనే ఆలోచించాలి.

కొత్త మెకానిక్ అయితే ఈ ఒక్కటీ చెప్పి తీరాలి: జాగ్వార్ ఈ ఇంజన్‌కు సిలిండర్లను వెనక నుంచి లెక్కపెట్టింది. ఒకటో నంబరు డ్రైవర్ కూర్చునే వెనక చివరది, రేడియేటర్ వైపుది ఆరు. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1–5–3–6–2–4. ముందు నుంచి లెక్కపెట్టి వైర్లు తగిలిస్తే ఇంజన్ దగ్గుతుందే గాని అందుకోదు.

బ్లాక్ పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. ఉత్త నీళ్ళు పోస్తే నీటి దారుల దగ్గర హెడ్‌ను తినేస్తుంది. సగానికి సగం కూలెంట్ కలిపి రెండేళ్ళకోసారి మార్చాలి. థర్మోస్టాట్ మాత్రం బైపాస్ దారిని మూసే అంచు ఉన్న రకమే వేయాలి. మామూలుది వేస్తే వేడి నీళ్ళు రేడియేటర్‌లోకి వెళ్ళకుండానే తిరిగి ఇంజన్‌లోకి వచ్చేస్తాయి, ట్రాఫిక్‌లో ముల్లు పైకెక్కుతూనే ఉంటుంది. చాలామంది దీనికి రేడియేటర్ మార్చి డబ్బు పారబోస్తారు.

నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులే, 1960 కి అది గొప్ప. నడిపితే బాగుంటాయి, నిలబెడితే పిస్టన్లు పట్టేస్తాయి. బ్రేక్ ఆయిల్ మాటిమాటికీ తగ్గుతూ ఎక్కడా తడి కనిపించక, సైలెన్సర్ లోంచి తెల్లపొగ వస్తుంటే బ్రేక్‌కు బలం చేర్చే సర్వో సీల్ పోయింది. ఆయిల్‌ను ఇంజనే పీల్చుకుంటోందన్నమాట. వెంటనే ఆపేయాలి.

గేర్‌బాక్స్ విషయంలో ఓపిక కావాలి. మొదటి గేర్‌కు పళ్ళు రాసుకోకుండా వేగం కలిపే సింక్రో లేదు, కారు పూర్తిగా ఆగాకే వేయాలి. మొదటి గేర్‌లో మూలిగే చప్పుడు దాని పుట్టుకతో వచ్చిందే. ఓవర్‌డ్రైవ్ లేని 2.4 ను మోటార్‌వే మీదికి తీసుకెళ్ళమని ఎవరికీ చెప్పను, ఇంజన్ ఊరికే అరుస్తుంది. ఓవర్‌డ్రైవ్ పడకపోతే గేర్‌బాక్స్ విప్పబోకండి. ముందు ఆయిల్ మట్టం, తర్వాత స్విచ్, వైరు, సోలెనాయిడ్ చూడండి. స్టీరింగ్ బరువే, ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగు చుట్లకు పైనే. కిందున్న నిపుల్స్‌కు 2,500 మైళ్ళకోసారి గ్రీజు కొట్టిస్తే తేడా చేతికి తెలుస్తుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ లోంచి పుట్టిన మన అంబాసిడర్‌ను చూసుకున్నవాళ్ళకు గ్రీజు గన్నూ, ఇగ్నిషన్‌లోని సీబీ పాయింట్లూ కొత్తేమీ కావు. ఎలక్ట్రికల్ మాత్రం తేడా: ఇందులో బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఎర్త్. అది చూసుకోకుండా ఫోన్ ఛార్జరో రేడియోనో కలిపితే కాలిపోతుంది.

గ్యాలన్‌కు 18 నుంచి 20 మైళ్ళు వస్తుంది. ఇంగ్లండ్‌లో 2021 నుంచి మామూలు పెట్రోల్ పది శాతం దాకా ఇథనాల్ కలిసే ఈ10 అయింది, పాత రబ్బరు పైపులకు అది పడదు. ఐదు శాతమే దాటని సూపర్ రకం ఈ5 పోయిస్తున్నాను. నలభై ఏళ్ళు దాటిన బండి కాబట్టి హిస్టారిక్ తరగతిలో నమోదు చేయిస్తే రోడ్డు టాక్స్ ఉండదు, పొగ ఎక్కువ వదిలే బండ్ల మీద లండన్ వేసే యూలెజ్ రుసుమూ ఉండదు. బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని కారుకు ఏటా చేసే ఎంఓటీ ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా ఏటా చేయించండి, కింద తుప్పును ఇంకో జత కళ్ళు చూస్తాయి.

హ్యాండ్ బ్రేక్ ఈ కారులో అన్నిటికంటే బలహీనం. వెనక డిస్కుల మీద దానికి వేరే చిన్న ప్యాడ్లుంటాయి, ఎంత సర్దినా పట్టు అంతంతే. ఏటవాలులో ఆపితే గేర్‌లో పెట్టి, చక్రం కింద చెక్క దిమ్మ వేయండి. అది ఎప్పుడూ డిక్కీలో ఉండాలి.