మధురపూడి విమానంలో తోటి ప్రయాణికుల కట్టూబొట్టూ, నడతా: దీర్ఘకాల వాడకం తర్వాత ఒక సమీక్ష

విమాన ప్రయాణాల మీద వచ్చే సమీక్షలు ఎక్కువగా సీటు వెడల్పు, టికెట్టు ధర, ఆలస్యం, కప్పులో వేడినీళ్లు పోసి ఇచ్చే ఉప్మా రుచి చుట్టూనే తిరుగుతాయి. పక్క సీటులో కూర్చున్న మనిషి ఎలాంటివాడో ఎవరూ రాయరు. గంటసేపటి ప్రయాణం సుఖంగా గడిచిందా లేదా అన్నది మాత్రం చాలావరకు ఆ మనిషి చేతిలోనే ఉంటుంది. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే నేను సరుకు లెక్కల కోసం హైదరాబాదుకూ చెన్నైకీ, పిల్లల కోసం బెంగళూరుకూ రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి ఏళ్ల తరబడి తిరుగుతున్నాను. అక్కడ టికెట్టు దొరకనప్పుడు గన్నవరం వెళతాను. కాబట్టి విమానం సంగతి ఇతరులకు వదిలి, అందులో ఎక్కే మన గురించి రాస్తున్నాను.

ముందుగా మార్కులు చెప్పేస్తాను. దుస్తులకు ఐదింటికి మూడున్నర, నడతకు రెండు. రెండింటికీ విడివిడిగా వేయడానికి కారణం ఉంది. అమెరికా రవాణా మంత్రి షాన్ డఫీ 2025 నవంబరులో ఒక ప్రచారం మొదలుపెట్టి, ప్రయాణికులు పైజమాలు, ఇంట్లో తొడుక్కునే చెప్పులు మాని కాస్త గౌరవంగా తయారై విమానం ఎక్కాలని కోరారు. అదే ఏడాది జనవరిలో అక్కడి స్పిరిట్ విమాన సంస్థ, ఉత్తికాళ్లతో వచ్చినవారినీ ఒళ్లు సరిగా కప్పని బట్టలు వేసుకున్నవారినీ ఎక్కనివ్వకపోవచ్చని తన నిబంధనల్లో విడమరిచి రాసింది. బట్టలు బాగుపడితే బుద్ధీ బాగుపడుతుందన్న నమ్మకం ఇలాంటి ప్రయత్నాల వెనక ఉంటుంది. మన గోదావరి జిల్లాల విమానంలో ఆ నమ్మకం నిలబడదు.

అనుమానం ఉన్నవారు భోగికి ముందు రోజుల్లో హైదరాబాదు నుంచి మధురపూడి వచ్చే విమానం ఒక్కసారి ఎక్కి చూడవచ్చు. జరీ అంచు పంచెలు, మడత నలగని తెల్ల చొక్కాలు, పట్టుచీరలు, పిల్లలకు పరికిణీలు. ఏడాది మొత్తంలో అంత చక్కగా తయారైన జనం మరే విమానంలోనూ కనిపించరు. అంత మొరటుగా ప్రవర్తించే జనమూ కనిపించరు. భీమవరం పందేల గురించి నాలుగో వరుస నుంచి పదహారో వరుసకు కేకలు వేసుకుంటారు, నిరుటి కోడిపందెం వీడియోను ఫోనులో పూర్తి శబ్దంతో చూస్తారు, ఫోను ఆపమని వచ్చిన అమ్మాయిని చూడనట్టే తల తిప్పుకుంటారు. పట్టుపంచె కట్టినవాడికి ఆ పంచె ఏ సంస్కారాన్నీ నేర్పలేదని ఆ గంటలో తెలిసిపోతుంది.

ఇక దుస్తుల సంగతి. హైదరాబాదుకు బేగంపేట విమానాశ్రయంగా ఉన్న రోజుల్లో విమానం ఎక్కడమే ఒక వేడుక. సాగనంపడానికి వచ్చినవాళ్లు కూడా ఇస్త్రీ బట్టల్లోనే ఉండేవారు. 2003లో ఎయిర్ డెక్కన్ చౌక టికెట్లు తెచ్చింది, 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాదుకు మారింది, 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు చౌకగా విమానాలు నడిపే ఉడాన్ పథకం తొలి విమానాలు ఎగిరాయి. ఈ పధ్నాలుగేళ్లలో ఆ వేడుక కరిగిపోయింది. ఉడాన్ ప్రారంభించిన రోజున ప్రధాని మోదీ, హవాయి చెప్పులు వేసుకునేవారు కూడా హవాయి జహాజులో, అంటే విమానంలో, కనిపించాలని అన్నారు. ఆనాడు ఎగిరినవాటిలో మన కడప, హైదరాబాదు మధ్య విమానం కూడా ఒకటి. కనుక హవాయి చెప్పులను చూసి ముక్కు చిట్లించేవారు, పథకం అనుకున్నట్టే నడుస్తోందని సంతోషించడం మంచిది.

పైగా డెల్టా జనానికి దూరప్రయాణమంటే 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్సు, కాకినాడలో బయలుదేరే గౌతమి. అన్నం తినగానే ప్యాంటు విడిచి లుంగీ కట్టుకోవడం, ఆడవాళ్లు నైటీ మీద చున్నీ వేసుకుని బెర్తు మీద నడుం వాల్చడం అక్కడ ఎవరికీ తప్పుగా తోచదు. ఆ అలవాటే విమానంలోకి నడిచి వచ్చింది. పొద్దుటి విమానం అందుకోవడానికి రాజోలులో తెల్లవారుజామునే కారెక్కి, రావులపాలెం మీదుగా మధురపూడి చేరే మనిషి, మెత్తటి ట్రాక్ ప్యాంటు వేసుకుని వస్తే నేను తప్పుపట్టను. బెల్టు తీయించి, ఒక్కోసారి బూట్లు కూడా విప్పించే తనిఖీ వరస దాటాక ఎవరి ఇస్త్రీ మాత్రం నిలుస్తుంది?

నాకు అభ్యంతరమైనవి రెండే. ఒకటి చెమట వాసన, అందులోనూ దాన్ని కప్పిపుచ్చడానికి కారు దిగే ముందు ఒంటినిండా కొట్టుకున్న సెంటు. రెండోది ఉత్తికాళ్లు. దుస్తుల విషయంలో గౌరవం కన్నా భద్రతే నాకు పెద్ద కారణంగా కనిపిస్తుంది. నైలాను, పాలియెస్టరు మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి, నూలు బట్ట అలా కరగదు. అత్యవసరంగా దిగవలసి వస్తే కాలికి గట్టిగా పట్టి ఉండే చెప్పులు ప్రాణానికి పనికొస్తాయి, ఎత్తుమడమల చెప్పులనేమో గాలి నింపిన జారుడుబల్ల మీదికి వెళ్లే ముందే విప్పించేస్తారు. ఆ లెక్కన నూలు పంచె ఎగగట్టి, తోలు చెప్పులు వేసుకున్న మా ఊరి రైతు, మెరిసే ట్రాక్ సూటులో సాక్సులతో నడవలో తిరిగే కుర్రవాడి కంటే విమానానికి తగినట్టుగా తయారైనవాడే.

ఉత్తికాళ్ల గురించి ఒక్క అనుభవం చెప్పాలి. బెంగళూరు విమానంలో ఒకసారి నా మోచేతి కింద ఏదో మెత్తగా కదిలినట్టయి చూస్తే, అది వెనక సీటాయన బొటనవేలు. గోరు పక్కన పసుపు అద్దిన పాత దెబ్బ, దాని మీద సగం ఊడిన ప్లాస్టరు. ఆయన చొక్కా, చేతి గడియారం రెండూ ఖరీదైనవే. కాలు తీయమని మెల్లగా అడిగాను. ఆయన పొలంలో హద్దు రాయి చూపించినట్టు వేలితో సందు చూపించి, “మీ సీటులోకి రాలేదు కదండీ, మధ్యలోనే ఉంది” అన్నారు. మాటలో ‘అండీ’కి లోటు లేదు. కాలు మాత్రం విమానం దిగేదాకా అక్కడే ఉంది.

నడత ఎందుకు ఇంత దిగజారిందని ఆలోచిస్తే, మనుషుల సంస్కారం ఒక్కటే కారణమని నాకు అనిపించదు. చాలా భాగం కిలోల లెక్కలో ఉంది. మధురపూడికి ఎక్కువకాలం వచ్చినవి ఏటీఆర్ 72 అనే, రెక్కల మీది పంకాలతో ఎగిరే చిన్న విమానాలు. అటు రెండు, ఇటు రెండు సీట్లు. తల మీది సామాను అరలు చిన్నవి, మామూలు చక్రాల పెట్టె అందులో పట్టదు. దేశీయ టికెట్టు మీద సాధారణంగా కింద వేసే సామాను 15 కిలోలు, చేతిలో 7 కిలోలు, ఆపైన ప్రతి కిలోకూ రుసుము. దానితో అందరూ బరువంతా చేతిలోకి మార్చుకుంటారు. ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు, తాపేశ్వరం కాజా, అరటిపళ్లు, మనవడికి కొన్న సైకిలు హెల్మెట్టు, అన్నీ ఆ చిన్న అరలోకే ఎక్కాలి. ముందు ఎక్కినవాడికి చోటు, వెనకబడినవాడి సంచి కాళ్ల కింద. వరస తోసుకోవడం, పిలవకముందే గేటు దగ్గర గుమిగూడడం, ఇతరుల పెట్టె తీసి నడవలో పెట్టి తనది దూర్చడం, ఇవన్నీ అక్కడ మొదలవుతాయి. చోటు సరిపోనప్పుడు సంస్కారం ఉన్నవాడు కూడా మోచేతులు వాడతాడు. సామానుకు డబ్బు తీసుకునే సంస్థలు ఈ మర్యాదలేమిలో తమ వాటా ఒప్పుకోవు.

మా సరుకుకు సంబంధించిన తగాదా కూడా తరచుగా చూస్తాను. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, అది తనంతట తానే వేడెక్కే గుణం ఉన్న వస్తువు. అందుకే 2022లో దాన్ని మన దేశంలో విమానపు లగేజీలో వేయకూడని వస్తువుల్లో చేర్చారు. కోనసీమ నుంచి వచ్చేవారిలో సగం మందికి ఈ సంగతి కౌంటరు దగ్గరే తెలుస్తుంది. తెలిసిన తర్వాత పెట్టె తెరిచి పక్కకు జరగడానికి బదులు, వెనక వరస నిలిచిపోతున్నా లెక్కచేయకుండా, “దేవుడి కొబ్బరికి కూడా అడ్డమా” అని ఆ ఉద్యోగిని నిలదీస్తారు. చేతి సంచిలో ఆవకాయ సీసా పట్టుబడినప్పుడు జరిగే వాదన దీనికన్నా పొడుగ్గా ఉంటుంది.

ఏటీఆర్‌లో ఇంకో తమాషా ఉంది. ప్రయాణికులు ఎక్కే తలుపు విమానం వెనక భాగంలో ఉంటుంది, ముందు తలుపు సామాను గదిది. కనుక అదనంగా డబ్బిచ్చి మొదటి వరుస కొనుక్కున్నవారు అందరికన్నా చివర దిగుతారు. ఇది తెలియనివారు విమానం ఆగకముందే లేచి ముందుకు నడుస్తారు, తెలిసినవారు లేచి వెనక్కి నడుస్తారు, ఆ ఇరుకు నడవలో ఇద్దరూ ఎదురెదురు పడతారు. చక్రాలు నేలను తాకిన మరుక్షణం బెల్టులు టకటకా ఊడే చప్పుడు వినిపిస్తుంది. సీటు బెల్టు దీపం ఆరకముందే లేచినవారికి టర్కీ దేశం 2025లో జరిమానా పెట్టింది. మనకు 2017లో విమానయాన డైరెక్టరేట్ తెచ్చిన నిబంధనలు ఉన్నాయి: నోటితో గొడవపడితే మూడు నెలల దాకా, చేయి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్లు, అంతకు మించి కూడా నిషేధం. అవి పెద్ద తప్పులకు. వెనక సీటు నుంచి వచ్చే బొటనవేలికి ఏ చట్టమూ లేదు, అవసరమని కూడా నేను అనను.

జనం తక్కువగా ఉన్న రోజున బరువు సమంగా సర్దడానికి సిబ్బంది కొందరిని వేరే వరుసకు మారమని అడుగుతారు. చిన్న విమానంలో అది అవసరమైన పని. చెన్నై విమానంలో ఒక పెద్దమనిషి తాను డబ్బు కట్టిన సీటు విడవనని చిటికె వేసి మరీ ఆ అమ్మాయికి చెప్పడం చూశాను. బస్సు కండక్టరును సైతం ‘ఏవండీ’ అని పిలిచే సీమలో పుట్టినవాళ్లు విమానంలో చిటికెలు వేయడం ఎక్కడ నేర్చుకున్నారో నాకు అంతుబట్టదు.

దీనికి భిన్నంగా నడుచుకునేవారి గురించి కూడా రాయాలి. కువైట్, మస్కట్, దుబాయి ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు కోనసీమ నుంచీ పశ్చిమ గోదావరి నుంచీ ఎందరో ఉన్నారు. పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవరులో, ఆ కవరు జాకెట్టులో. గుమ్మం దగ్గర బోర్డింగ్ పాసు చూపించి, “మీరు చెప్పిన చోటే కూర్చుంటానమ్మా” అంటారు, కూర్చుంటారు, బెల్టు పెట్టుకోవడం రాకపోతే పక్కవారిని అడుగుతారు. అందరూ అలాగే ఉంటారని అనను. గోంగూర రొయ్యల డబ్బా మూత తీసి విమానం మొత్తానికి వాసన పంచినావిడ కూడా వారిలోనే ఉంది. నాకూ కొంచెం పెట్టబోయింది, కాబట్టి ఆమెకు మార్కులు తగ్గించలేదు.

సిబ్బందికి ఒక సూచన. నేను ఎక్కిన చాలా విమానాల్లో ప్రకటనలన్నీ హిందీలో, ఇంగ్లీషులో వచ్చాయి. తెలుగు తెలిసిన అమ్మాయి “దయచేసి దీపం ఆరేదాకా కూర్చోండి, ఫోను శబ్దం తగ్గించండి” అని చెప్పిన కొద్ది సందర్భాల్లో, లేచినవారిలో చాలామంది తిరిగి కూర్చోవడం చూశాను. ఖర్చులేని పని ఇది.

2024 డిసెంబరు నుంచి మధురపూడి నుంచి ముంబయికీ ఢిల్లీకీ పెద్ద ఎయిర్‌బస్ విమానాలు మొదలయ్యాయి. వాటిలో సామాను అరలు పెద్దవి, తోపులాట కొంత తగ్గింది. మధ్య సీటు వచ్చిపడింది గనుక చేతుల తగాదా కొత్తగా పుట్టింది. కిటికీ వారికి గోడ ఉంది, నడవ వారికి కాలు చాపే చోటుంది, మధ్యవారికి రెండు చేతిబల్లలూ వదలడం న్యాయం. ఏటీఆర్ ఎక్కేవారు డబ్బు పెట్టి ముందు వరుస కొనకుండా చివరి వరుసల్లో నడవ సీటు అడిగితే త్వరగా దిగవచ్చు. చెవుల్లో పెట్టుకునే దూది ఒక ఉండ దగ్గర ఉంచుకోవాలి. పంకాల మోతకు కొంత, పక్కవారి ఫోనుకు కొంత పనికొస్తుంది. సంక్రాంతి వారంలో మాత్రం విమానం ఎవరికీ సిఫారసు చేయను. నేను ఆ వారం గౌతమికే టికెట్టు తీసుకుంటాను. అక్కడ పై బెర్తు ఎక్కి, లుంగీ కట్టుకుని, దుప్పటి ముసుగు పెట్టుకోవచ్చు.