క్వారీ బూట్లకు లేసులు: నాలుగు రకాలు వాడి చూశాక

చీమకుర్తి గ్రానైటు క్వారీలో మేము వేసుకునే సేఫ్టీ బూట్లు జత కిలోకు పైనే తూగుతాయి. వేళ్ల మీద ఉండే ఉక్కు తొడుగు 200 జౌళ్ల దెబ్బను తట్టుకోవాలని భారత ప్రమాణం ఐఎస్ 15298 చెబుతుంది. అంటే 20 కిలోల రాయి దాదాపు మీటరు ఎత్తు నుంచి పడినప్పుడు తగిలే దెబ్బ అన్నమాట. ఇంత బలమైన బూటును కాలికి పట్టి ఉంచేది మాత్రం ఒక సన్నని లేసే. నిరుడు ఎండాకాలంలో నిచ్చెన దిగుతుండగా నా కుడి బూటు లేసు పుటుక్కున తెగి, మడమ బూటులోంచి పైకి లేచి, మెట్టు మీద కాలు జారింది. చేతిపట్టు గట్టిగా ఉండబట్టి కింద పడలేదు. ఆ రోజు నుంచి నాలుగు రకాల లేసులు కొని, ఒక్కొక్కటి తెగేదాకానో, ఇక పనికిరాదని తేలేదాకానో వాడి చూశాను.

ముందుగా మా దగ్గర లేసులు ఎందుకు అంత త్వరగా తెగుతాయో చెప్పాలి. మా క్వారీలో దొరికే బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైటు రాయిని డైమండ్ వైరుతో, అంటే వజ్రపు పూసలు గుచ్చిన ఉక్కు తీగతో కోసేటప్పుడు వైరు వేడెక్కకుండా నీళ్లు పోస్తూనే ఉంటారు. ఆ నీళ్లు రాతిపొడితో కలిసి బూడిదరంగు బురదగా మారి బూట్ల మీదికి చిమ్ముతాయి. ఎండకు తడి ఆరిపోతుంది గానీ పొడి లేసు పోగుల మధ్యే ఉండిపోతుంది. ఆ రాతిలో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మామూలు చాకును గీరగలిగేంత గట్టిది కాబట్టి, అడుగు వేసినప్పుడల్లా లేసును లోపలి నుంచే ఆకురాయిలా అరగదీస్తుంది. పైకి బాగానే కనిపించే లేసు ఒక్కసారిగా తెగడానికి కారణం ఇదే. అందుకే లేసును ఎంచుకునేటప్పుడు లాగి బలం చూడటం కంటే అల్లిక ఎంత దగ్గరగా ఉందో చూడటం ముఖ్యమని నా అభిప్రాయం.

మొదట ఒంగోలులో ఒక చెప్పుల దుకాణంలో 20 రూపాయలకు కొన్న నూలు లేసు వాడాను. ముడి పట్టు విషయంలో దానికి సాటి లేదు, ఉదయం కట్టిన ముడి సాయంత్రం దాకా కదలదు. కానీ అది నీటిని, నీటితో పాటు పొడిని కూడా పీల్చుకుని, ఆరాక తాడులా బిగుసుకుపోయి, ఐదు వారాలకే మూడో కన్నం దగ్గర తెగింది. అక్టోబరు, నవంబరు వానల్లో అయితే నూలు తడి ఆరక నాని కుళ్లుతుంది కూడా. ఆఫీసు బూట్లకు తప్ప నూలు లేసు వద్దు.

తర్వాత 40 రూపాయల గుండ్రటి నైలాను లేసు. అరుగుదలకు బాగానే తట్టుకుంది. అయితే నైలాను తడిని కొంత పీల్చుకుంటుంది, పీల్చుకున్నప్పుడు సాగుతుంది. ఉదయం బిగించిన బూటు పది గంటలకల్లా వదులైపోయేది. పైగా నున్నగా ఉండటం వల్ల ముడి జారిపోయేది. వైరు తిరిగే కప్పీల పక్కన నిలబడి పనిచేసేవారికి ఊడిన లేసు కొస ఎంత ప్రమాదమో విడిగా చెప్పనక్కర్లేదు.

మూడోది, ఇప్పుడు నేను వాడుతున్నది, లోపల పోగుల గుత్తి ఉండి పైన దగ్గరగా అల్లిన గుండ్రటి పాలిస్టర్ లేసు. జత 60 రూపాయలు. పాలిస్టర్ నీటిని దాదాపు పీల్చుకోదు కాబట్టి తడిలో సాగదు, బురదను నీళ్లతో జాడిస్తే చాలావరకు వదిలేస్తుంది. వారానికి ఒకసారి లేసు విప్పి బకెట్లో జాడించడం అలవాటు చేసుకున్నాను. ఐదు నెలలైంది, పైఅల్లిక కాస్త నూగు లేచింది తప్ప ఎక్కడా తెగలేదు.

నాలుగోది ఆన్‌లైన్‌లో 350 రూపాయలు పెట్టి తెప్పించిన కెవ్లార్ లేసు. తూటాలను ఆపే కవచాల్లో వాడే పోగు ఇదే కాబట్టి ఎంతో ఆశపడ్డాను. కానీ ఆ పోగు ఎండకు బలం కోల్పోతుంది, రోజంతా ఎండలో నిలబడే మాకు ఆ ధర గిట్టుబాటు కాదు. దానిని మా వర్క్‌షాపులో వెల్డింగ్ చేసే తమ్ముడికి ఇచ్చాను. నైలాను, పాలిస్టర్ లేసులు నిప్పురవ్వ పడితే కరిగిపోతాయి, కెవ్లార్ కరగదు. అతని పనికి అదే సరైన లేసు.

అయితే ఏ లేసు కొన్నా, బూటు కన్నం అంచు పదునుగా ఉంటే డబ్బు వృథాయే. ఈ సంగతి నాకు చెప్పింది ఒంగోలులో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన. నిచ్చెన మీద తెగిన పాత లేసునూ, నూలు లేసునూ చూపించగానే ఆయన, "లేసును తప్పుపట్టొద్దు అబ్బాయా, రెండూ ఒకే చోట తెగినాయి చూడు" అని, మూడో కన్నం ఇత్తడి రింగు మీద వేలు పెట్టి చూడమన్నారు. రింగు అంచు లోపలివైపు చిట్లి బ్లేడులా ఉంది. సన్నని గుండ్రటి ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది, గరుకు కాగితంతో నునుపు చేసి ఇచ్చారు. పాలిస్టర్ లేసు ఇన్ని నెలలు నిలవడంలో ఆ నాలుగు రుద్దుల వాటా కూడా ఉందని ఒప్పుకోవాలి.

పొడవు విషయానికి వస్తే, చీలమండ దాటి వచ్చే ఆరు జతల కన్నాల బూటుకు నాకు 120 సెంటీమీటర్లు సరిపోయింది. 90 అయితే పైకన్నాలు వదిలేయాల్సి వచ్చింది, 150 అయితే కొసలు నేల మీద పారాడాయి. తెగిన పాత లేసు ముక్కలను చేర్చి కొలుచుకుని వెళ్లడం అన్నిటికంటే తేలిక.

ముడి మాటిమాటికీ ఊడుతుంటే లేసు మార్చే ముందు ఒకటి గమనించండి. ముడి వేశాక రెండు చెవులూ బూటుకు అడ్డంగా పడుకుంటే ముడి సరైనది. మడమ నుంచి వేళ్లవైపు నిలువుగా తిరిగితే అది జారే ముడి. అప్పుడు మొదటి మెలికను మాత్రం ఎదురుదిక్కుకు తిప్పి కడితే చాలు.

పాలిస్టర్ లేసులు కొన్న దుకాణంలో అప్పట్లో 90, 150 కొలతలే ఉండేవి, నేను 150 కొని కొస కోసి, వెలిగించిన అగ్గిపుల్లతో కరిగించి అంటించుకున్నాను. క్వారీ వాళ్లకు మధ్య కొలత కావాలని రెండు మూడుసార్లు చెప్పి వచ్చాను. పోయిన వారం వెళ్తే 120 కొలత కట్ట తెప్పించి పెట్టారు, ప్రస్తుతానికి నలుపు రంగులోనే ఉన్నాయి.