పీడీఎఫ్ రీడర్ కొనేవాళ్ళు జాగ్రత్త, "డీఫాల్ట్ చేయండి" అంటే వెంటనే నొక్కేయకండి

నెట్ సెంటర్ నడిపేవాళ్ళు, పిల్లల కోసం ఇంట్లో కొత్త కంప్యూటర్ కొన్నవాళ్ళు ఇది పూర్తిగా చదవండి ప్లీజ్. నాకు 4,130 రూపాయలు పోయాయి. డబ్బు కంటే పెద్ద బాధ ఇంకోటుంది, అదీ చెప్తా.

మాది చిన్న షాపు, జిరాక్స్, ప్రింటౌట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. పాత సిస్టమ్ మొరాయిస్తోందని మార్చిలో విండోస్ 11 ఉన్న కొత్తది తీసుకున్నా. అందులో పీడీఎఫ్ ఏది నొక్కినా విండోస్‌తో వచ్చే ఎడ్జ్ బ్రౌజర్‌లో ఓపెన్ అయ్యేది, ప్రింట్ కూడా బాగానే వచ్చేది. ఇంతలో ఒకాయన ఈ-ఆధార్ ప్రింట్ కోసం వచ్చి, సంతకం దగ్గర పచ్చ టిక్కు ఉండాలి, ప్రశ్నార్థకం గుర్తు ఉంటే ఆఫీసులో తీసుకోవట్లేదు అన్నారు. పాత సిస్టమ్‌లో అడోబీ రీడర్ ఉండేది, అందులో ఆ సంతకం మీద రైట్ క్లిక్ కొట్టి వ్యాలిడేట్ చేస్తే టిక్కు పడేది. కొత్తదాంట్లో అది లేదు. సరే అని గూగుల్‌లో పీడీఎఫ్ రీడర్ అని కొట్టి, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నాడు కదా అనే తొందరలో పైన కనపడ్డ మొదటి లింకు నొక్కేశా. దాని మీద చిన్నగా స్పాన్సర్డ్ అని ఉంది, అంటే డబ్బు కట్టి పైన పెట్టించుకున్న యాడ్ అన్నమాట. ఎర్ర గుర్తు, పేరు, అంతా అసలుదాన్ని పోలి ఉంది.

ఇన్‌స్టాల్ అయ్యాక 7 రోజుల ట్రయల్‌కి 99 రూపాయలు అంది, కార్డు నంబరు ఇచ్చి ఓటీపీ కొట్టా. తర్వాత "చివరి స్టెప్ పూర్తి చేయండి" అని ఒక విండో వచ్చింది, పెద్ద బాణం గుర్తు వేసి ఇక్కడ నొక్కండి అని చూపించింది. మోసం అంతా అక్కడే ఉంది. ఇప్పటి విండోస్‌లో మామూలుగా ఏ ప్రోగ్రామూ తనంతట తాను డీఫాల్ట్ (అంటే ఫైలు నొక్కగానే ఓపెన్ అయ్యే ప్రోగ్రామ్) అయిపోలేదు, ఏ ఫైలు ఎందులో ఓపెన్ అవ్వాలో మనమే చెప్పాలి. అందుకే వాళ్ళు మన చేతే నొక్కిస్తారు. నేను "ఆల్వేస్" నొక్కా. పీడీఎఫ్‌తో ఆగలేదు, జేపీజీ ఫోటోలకీ, వర్డ్ ఫైళ్ళకీ కూడా వరసగా అడుగుతూ పోయింది, నేను ఇన్‌స్టలేషన్‌లో భాగం అనుకుని నొక్కుతూ పోయా.

వారం దాకా ఏ ఇబ్బందీ లేదు. ఎనిమిదో రోజు కార్డులోంచి 4,031 రూపాయలు కట్ అయ్యాయి, ఏడాదికి అట. ఓటీపీ రాలేదేంటి అనుకున్నా, తర్వాత తెలిసింది, మొదట 99కి కొట్టిన ఓటీపీతోనే ఆటోపేకి ఒప్పుకున్నట్టు లెక్క, ఆ తర్వాత 15,000 లోపు కటింగ్‌లకి ఓటీపీ అడగరు. ఆర్‌బీఐ రూల్ ప్రకారం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, వచ్చింది కూడా, రోజుకి వందల ఓటీపీ మెసేజ్‌ల మధ్య నేను చూసుకోలేదు.

పోనీ కట్టిన డబ్బుకి పని చేసిందా అంటే అదీ లేదు. ఎంసెట్ హాల్ టికెట్ల టైములో ఒక పాప వాళ్ళ నాన్నతో వచ్చింది, ప్రింట్ తీసి చేతిలో పెడితే "అంకుల్, నా ఫోటో మీద ఏదో రాసుంది" అంది. చూస్తే కాగితం మీద ఏటవాలుగా బూడిద రంగులో ఆ కంపెనీ పేరు, సరిగ్గా పాప మొహం మీదుగా. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తెల్లారితే పరీక్ష మరి. సెట్టింగ్స్‌లో చూస్తే వాటర్‌మార్క్ లేకుండా ప్రింట్ కావాలంటే ఇంకో ప్లాన్ కొనాలట. ఫైలుని క్రోమ్‌లోకి లాగి పడేసి మళ్ళీ ప్రింట్ తీసిచ్చా, శుభ్రంగా వచ్చింది. ఆ ఫైల్లో ఏ తప్పూ లేదు.

వాళ్ళ చాట్‌లో అడిగితే ఏమన్నారో చూడండి, మా సాఫ్ట్‌వేర్ తీసేస్తే మీ పీడీఎఫ్‌లు ఓపెన్ అవ్వవు, అవన్నీ మా ఫార్మాట్‌కి మారిపోయాయి అన్నారు. పచ్చి అబద్ధం. డీఫాల్ట్ మార్చినంత మాత్రాన ఫైలు లోపల ఒక్క అక్షరం కూడా మారదు, ఐకాన్ మాత్రమే మారుతుంది, ఫలానా రకం ఫైలు నొక్కితే ఫలానా ప్రోగ్రామ్‌ని పిలువు అని విండోస్ రాసి పెట్టుకుంటుంది అంతే. అసలు పీడీఎఫ్ 1993లో అడోబీ తెచ్చినదైనా 2008 నుంచి ఐఎస్ఓ ప్రమాణం, అంటే అంతర్జాతీయంగా అందరిదీ, ఎవరైనా దాన్ని చదివే ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. నా ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసి పక్క షాపులో పెట్టి చూశా, అన్నీ టకటకా ఓపెన్ అయ్యాయి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. అన్ని రోజులూ ఎంతమంది ఆధార్‌లు ఆ ప్రోగ్రామ్‌లో ఓపెన్ చేసి పాస్‌వర్డ్‌లు కొట్టానో లెక్కలేదు. తీసేసే ముందు సెట్టింగ్స్ చూస్తే, ఓపెన్ చేసిన ఫైళ్ళని క్లౌడ్‌లో దాచే ఆప్షన్‌కి ముందే టిక్కు పెట్టి ఉంది. నన్ను నమ్మి కాగితాలు ఇచ్చినవాళ్ళు వాళ్ళంతా. గుర్తున్నవాళ్ళకి ఫోన్ చేసి ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్రలు ఇంకెవరూ వాడకుండా తాళం, పెట్టుకోమని చెప్పా.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు ముందు బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఈ-మ్యాండేట్, అంటే ఆటోపేకి మనం ఇచ్చిన అనుమతి, క్యాన్సిల్ చేయండి, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు, నేను ఆగుతుందనుకున్నా. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డీఫాల్ట్ యాప్స్, పైన ఉన్న డబ్బాలో డాట్ పీడీఎఫ్ అని కొడితే ప్రస్తుతం ఏ ప్రోగ్రామ్ ఉందో కనపడుతుంది, దాని మీద నొక్కి ఎడ్జో ఇంకోటో పెట్టుకోండి. జేపీజీ, వర్డ్ ఫైళ్ళ డాక్స్ కూడా విడివిడిగా చూడాలి. కొత్త ప్రోగ్రామ్ ఏదైనా ట్రై చేయాలనిపిస్తే ఫైలు మీద రైట్ క్లిక్, ఓపెన్ విత్, అక్కడ "జస్ట్ వన్స్" నొక్కండి, "ఆల్వేస్" వద్దు. సంతకం టిక్కు కోసం అడోబీ రీడర్ కావాలంటే ఫ్రీగానే దొరుకుతుంది, కాకపోతే అడ్రస్ బార్‌లో అడోబీ సైట్ పేరు మీరే టైప్ చేసి వెళ్ళండి. ఉత్తినే చదవడానికైతే సుమత్రా పీడీఎఫ్ కూడా ఫ్రీనే, చాలా తేలిక.

నేను 1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చా. ఇలా ట్రయల్ పేరు చెప్పి సబ్‌స్క్రిప్షన్‌లో ఇరికించడం 2023లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (స్క్రీన్ మీద మనల్ని మాయచేసి నొక్కించే పద్ధతులు) గైడ్‌లైన్స్‌లో ఉంది, పేరు పెట్టి మరీ రాశారు. స్క్రీన్‌షాట్లు, ఆ చాట్, బ్యాంకు మెసేజ్ అన్నీ పెట్టా, వాటర్‌మార్క్ పడ్డ హాల్ టికెట్ మాత్రం పాప వివరాలు ఉన్నాయని పెట్టలేదు. కంప్లైంట్ నంబరు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు, వస్తే ఇక్కడే అప్‌డేట్ పెడతా. ఇలాగే జరిగినవాళ్ళు మీ బిల్లు స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకుండా ఉంచుకోండి.