సముద్రపు గాలికి థిన్‌ఫిల్మ్ సోలార్ ప్యానెల్: శ్రీకాకుళం డాబాల మీద ఎంతవరకు పనికొస్తుంది?

థిన్‌ఫిల్మ్ అంటే గాజు మీద పలుచటి పొర వేసి చేసే ప్యానెల్, ఇక్కడ ఆ పొర క్యాడ్మియం టెల్యూరైడ్ అనే పదార్థం. ఇలాంటి 440 వాట్ల ప్యానెల్ గురించి అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది "ఎండకు డీలా పడదు" అని. ఆ మాట పాతబడింది. 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి 0.32 శాతం పవర్ తగ్గుతుంది. మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే దాదాపు 13 శాతం పోయినట్టే. పాత పాలీ (పాలీక్రిస్టలైన్ సిలికాన్) ప్యానెళ్లకు 16 పోయేది నిజమే గానీ, ఇప్పటి టాప్‌కాన్ అనే కొత్త రకం సిలికాన్‌కు పోయేది 12 మాత్రమే.

అసలు లాభం తేమలో ఉంది. గాలిలోని నీటి ఆవిరి ఎక్కువగా మింగేది పరారుణ కాంతిని. సిలికాన్ 1100 నానోమీటర్ల దాకా కాంతిని వాడుకుంటుంది, క్యాడ్మియం టెల్యూరైడ్ 850-900 దగ్గరే ఆగుతుంది. కాబట్టి కళింగపట్నం, భావనపాడు వైపు వానాకాలపు ఉక్కలో సిలికాన్‌కు తగ్గినంత దీనికి తగ్గదు.

తయారీలో గాజు మీద వేసే పొర రెండు మూడు మైక్రాన్లే. దాన్ని క్యాడ్మియం క్లోరైడ్‌తో 400 డిగ్రీల దగ్గర వేడిచేసే దశ కుదరకపోతే, స్ఫటికాల అంచుల్లోనే కరెంటు చచ్చిపోతుంది. కళ్లతో చూస్తే ఇది తెలియదు. అందుకే ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరుకూ ఫ్లాష్ టెస్ట్ (వెలుగు పడేసి పవర్ కొలిచే పరీక్ష) కాగితం అడగాలి.

చిక్కంతా వైరింగులోనే. ఒక్కో ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (ఏ లోడూ తగిలించనప్పుడు ఉండే వోల్టేజి) దాదాపు 218, కరెంటు 2.5 ఆంపియర్లు. మూడు సిరీస్‌లో కలిపితే 654 వోల్టులు. 600 వోల్టుల పరిమితి ఉన్న ఇంటి ఇన్వర్టరు కాలిపోవచ్చు. రెండేసి చొప్పునే కలపాలి. అంటే 3 కిలోవాట్లకు లెక్కప్రకారం 7 చాలినా, జతలు కుదరాలంటే 6 గానీ 8 గానీ పెట్టాలి. 8 పెడితే నాలుగు స్ట్రింగులు (సిరీస్‌లో కలిపిన జతలు) పారలల్‌లో వస్తాయి, ఒక్కో స్ట్రింగుకూ విడి ఫ్యూజు ఉండాలి. సిలికాన్ అలవాటున్న ఎలక్ట్రీషియన్లు తప్పు చేసేది ఇక్కడే. చోటు కూడా ఎక్కువే: 8 ప్యానెళ్లకు 215 చదరపు అడుగులు. అదే 3.5 కిలోవాట్లకు మంచి సిలికాన్ 170తో సరిపెడుతుంది. చిన్న డాబా అయితే దీని జోలికి పోనక్కర్లేదు.

ప్యానెల్ మీద సన్నగా కనిపించే సెల్ గీతలు వాలు వెంట పైనుంచి కిందికి ఉండేలా బిగించాలి. అడ్డంగా ఉంటే కింది అంచున చేరే దుమ్ము ఒక సెల్‌ను పూర్తిగా కప్పేసి స్ట్రింగు మొత్తాన్ని దెబ్బతీస్తుంది. పలాస జీడి బట్టీల మసి వట్టి నీళ్లకు వదలదు, మెత్తటి గుడ్డ కావాలి. అదీ పొద్దున్నే, మిట్టమధ్యాహ్నం కాలిన గాజు మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు.

బరువు 35 కిలోల దాకా ఉంటుంది. ఇద్దరు నిలువుగా పట్టి మోయాలి, మూలల మీద ఆనించకూడదు. అంచు సీలు దెబ్బతింటే ఉప్పు తేమ లోపలికి దిగి మూలల నుంచి పొర రంగు మారుతుంది. పగిలినదాన్ని పాత ఇనుము కొనేవాళ్లకు ఇవ్వొద్దు, అందులో క్యాడ్మియం ఉంది. వెనక్కి తీసుకుంటామని అమ్మేవాళ్ల చేత బిల్లు మీదే రాయించుకోవాలి.