వానకు మొరాయించే సెకండ్ హ్యాండ్ పికప్: కోరాపుట్ వైపు కొనేవాళ్లు జాగ్రత్త

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో పాత పికప్ కోసం తిరుగుతున్న మనవాళ్లు కొనే ముందు ఇది చదవండి. ఏప్రిల్‌లో సిమిలిగూడ దగ్గర ఒక బ్రోకర్ ద్వారా 2012 మోడల్ డీజిల్ బండి 2,60,000కి తీసుకున్నాను. కుందులి శుక్రవారం సంతలో ఎత్తిన అల్లం, కూరగాయలు శనివారం తెల్లారేసరికి సుంకి ఘాటీ దిగి సాలూరులో దింపాలి, అదీ నా పని. ఎండాకాలం అంతా బండి బంగారం.

జూన్‌లో మొదటి ముసురు పట్టిన రాత్రి, మూడున్నరకి తాళం తిప్పితే సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) టక్‌మని ఊరుకుంది. మళ్లీ తిప్పితే ముసలాడిలా మూలిగి అర చుట్టు తిరిగి ఆగిపోయింది. వెనక తొట్టి నిండా సరుకు, పైన టార్పాలిన్ మీద వాన, నెట్టడానికి మనిషి లేడు. పదకొండింటికి కాస్త ఎండ పొడ తగిలాక ఏమీ ఎరగనట్టు ఒక్క తిప్పుకే అందుకుంది. అప్పటికి కొత్తిమీర చచ్చిపోయింది.

ఇక మెకానిక్కుల భాగోతం. ఒకాయన బ్యాటరీ పోయిందన్నాడు, పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చి 7,200 పెట్టి కొత్తది వేశాం. ఇంకొకాయన సెల్ఫ్ విప్పి కార్బన్లు మార్చాడు, 2,800. హీటర్ ప్లగ్గులు మార్చాం, డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలించాం. మబ్బు పడితే మళ్లీ అదే టక్. నిజం చెప్పాలంటే ఫిల్టర్ మీద నాకూ అనుమానం ఉండేది, కానీ డీజిల్‌లో నీళ్లుంటే ఇంజన్ తిరుగుతుంది, అందుకోదు. ఇక్కడ ఇంజన్ తిరగడమే లేదు కదా, ఆ తేడా నేను అప్పుడే పట్టుకోవాల్సింది.

చివరికి సాలూరులో (లారీల ఊరు, అక్కడి కుర్రాళ్లకి వైర్లు తెలుసు) ఎలక్ట్రికల్ పని చేసే మా బావమరిది వచ్చాడు. నన్ను నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టమని, తను బోనెట్ కింద చెయ్యి పెట్టి, "బావా, దిగి ఈ యాక్సిలరేటర్ కేబుల్ ముట్టుకో" అన్నాడు. వేడికి వేలు చురుక్కుమంది! ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగొచ్చే దారి) సరిగా లేక, సెల్ఫ్ లాగే కరెంటంతా దొరికిన దారిన ఆ సన్న కేబుల్ గుండా పోతోందట. మల్టీమీటర్ నల్ల పిన్ను బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర పిన్ను ఇంజన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొడితే అర వోల్టు కూడా దాటకూడదు, మనది మూడు దాటింది. జంపర్ కేబుల్ ఒకటి తెచ్చి బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజన్‌కి తగిలించాడు, ఆ ముసురులోనే బండి గయ్‌మని లేచింది.

ఎర్త్ పట్టీ విప్పి చూస్తే అసలు మోసం బయటపడింది. అమ్మే ముందు ఇంజన్ కడిగి, తళతళలాడేలా నల్ల స్ప్రే కొట్టేశారు. పట్టీ బోల్టు కింద తుప్పు గీకకుండా పైన రంగు పూశారు, లోపల తీగలు పచ్చగా చిలుము పట్టి సగం తెగి ఉన్నాయి. పొడిగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చింది, చెమ్మ చేరి, పైగా చలికి ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ ఎక్కువ కరెంటు అడిగేసరికి చేతులెత్తేసింది. కొత్త పట్టీ, టెర్మినళ్లు కలిపి 400 రూపాయలు. బ్రోకర్‌కి ఫోన్ చేస్తే "అమ్మాక బండి మీదండీ" అని పెట్టేశాడు. బాగున్న బ్యాటరీని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశానన్న బాధ వేరే.

ఇప్పుడు గుర్తొస్తోంది, నేను చూడ్డానికి వెళ్లిన రెండుసార్లూ మిట్టమధ్యాహ్నమే రమ్మన్నాడు, రెండుసార్లూ బోనెట్ వేడిగానే ఉంది, బండి ఏటవాలులోనే పెట్టి ఉంది, సెల్ఫ్ మొరాయిస్తే దొర్లించి స్టార్ట్ చేయడానికన్నమాట. పెట్రోల్ బండైతే చెమ్మకి కాయిలు, ప్లగ్గు వైర్లు చూడాలి, అది వేరే కథ. డీజిల్‌కి మాత్రం ఆ నల్ల రంగు గీకి కింద ఏముందో చూడండి. సాలూరు, పార్వతీపురం నుంచి వచ్చి కొనేవాళ్లయితే ఒడిశా ఆర్టీవో ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే పత్రం, ఫారం 28) చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి.

నిన్న అటు వెళ్తుంటే చూశాను, ఆ బ్రోకర్ షెడ్డు ముందు, అదే ఏటవాలులో తెల్ల పికప్ ఒకటి పెట్టి ఉంది, బోనెట్ ఎత్తి ఉంది, లోపల నిగనిగలాడే కొత్త నల్ల రంగు. చూడ్డానికి వెళ్లేవాళ్లు చెప్పకుండా పొద్దున్నే ఆరింటికి, వాన పడ్డ మర్నాడు వెళ్లండి.