క్యూబిట్‌టోరెంట్, వీపీఎన్ జోడీ: చాన్నాళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. టోరెంట్లు దించుకోడానికి, అంటే ఒక ఫైలు ముక్కల్ని దాన్ని వాడేవాళ్లు ఒకరి నుంచి ఒకరు నేరుగా తెచ్చుకోడానికి, క్యూబిట్‌టోరెంట్ మంచి సాఫ్ట్‌వేర్. ఉచితం, ప్రకటనలు లేవు, సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది, పాత లాప్‌టాప్‌ని కూడా పెద్దగా ఆయాసపెట్టదు. అయితే ఇది పెట్టుకుంటే మనమెవరో ఎవరికీ తెలీదు అనుకుని దించుకునేవాళ్లకి మాత్రం నిరాశే. ఆ పని దీనిది కాదు. దానికి పక్కన వీపీఎన్ కావాలి, అంటే మన డేటాని తన సర్వర్ మీదుగా పంపి, మన ఐపీ (నెట్‌లో మన చిరునామా) బదులు తన ఐపీ చూపించే సర్వీసు. ఆ వీపీఎన్‌ని నమ్మకంగా వాడుకోడానికి ఇందులో ఒక సెట్టింగ్ ఉంది. నేను ఇన్నాళ్లూ దీన్నే పట్టుకుని ఉండటానికి అసలు కారణం ఆ సెట్టింగే.

మాది విజయవాడ. మా వీధి కేబులాయన ఇచ్చిన ఫైబర్ కనెక్షన్. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసి పెట్టిన పాత తెలుగు పుస్తకాలు దించుకుంటాను, లినక్స్ ఐఎస్ఓలు (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైళ్లు) దించి సీడ్ చేస్తాను, అంటే మిగతావాళ్లు నా దగ్గర్నుంచి దించుకునేలా ఉంచుతాను. ఆర్కైవ్ వాళ్లు 2012 నుంచే టోరెంట్లు ఇస్తున్నారు. పెద్ద స్కాన్ ఒకటి బ్రౌజర్లో దిగుతుండగా కరెంటు పోతే మళ్లీ మొదటికి రావచ్చు. టోరెంటైతే ఆగినచోటి నుంచే అందుకుంటుంది. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు గడిస్తే పుస్తకం మీద కాపీరైట్ తీరిపోతుంది కాబట్టి ఇందులో దొంగ సొత్తేమీ లేదు.

"మరి దాచుకోడం దేనికిరా?" అన్నాడు గుంటూరులో ఉండే మా బావ.

"నేనేం చదువుతున్నానో ఊరందరికీ ఎందుకు బావా?" అన్నాను. ఆయన లాయరు, ఇంకో పది ప్రశ్నలు వేశాడు. అవి వదిలేద్దాం.

ఏదైనా టోరెంట్ మీద నొక్కి కింద పీర్స్ (అదే ఫైలు పంచుకుంటున్న మిగతావాళ్లు) ట్యాబ్ చూడండి. ఎవరి ఐపీ ఏది, ఏ దేశం, ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, ఎంత శాతం దిగింది, అన్నీ వరసగా కనిపిస్తాయి. వాళ్లు మనకి కనిపిస్తున్నట్టే మనమూ వాళ్లకి కనిపిస్తాం. బంతి భోజనంలో కూర్చున్నాక పక్కాయన విస్తట్లో ఏముందో కనపడకుండా ఉంటుందా? 2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టోరెంట్ తయారు చేసినప్పటి నుంచీ దీని పద్ధతే అది. ముక్కలు ఎవరి దగ్గరున్నాయో ట్రాకర్ అనే సర్వర్ ఐపీల జాబితా ఇస్తుంది. ట్రాకర్ లేకపోతే డీహెచ్‌టీ, అంటే పీర్లే తమలో తాము పంచుకునే జాబితా, ఇస్తుంది. ఎవరైనా ఆ గుంపులో చేరి, ఒక్క ముక్క కూడా దించకుండా, ఐపీలు రాసుకుంటూ కూర్చోవచ్చు. అలా పోగేసిన వివరాలు చూపించే 'ఐ నో వాట్ యూ డౌన్‌లోడ్' అనే సైట్ కూడా ఉంది. ఓసారి వీపీఎన్ ఆపి దాన్ని తెరిస్తే, నేను పేరు కూడా వినని సినిమాలు మా ఐపీ కింద కనిపించాయి.

అవి ఎవరివో మరి! మా కేబులాయన సీజీనాట్ అనే పద్ధతి మీద ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచుతాడు. మీ రౌటర్లో వాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపు ఐపీ) 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే మీదీ అదే కథ. అయితే గుంపులో గోవిందా అని తప్పించుకోవచ్చు కదా అంటారు కొందరు. బయటివాళ్ల దగ్గర కొంతవరకు నిజమే. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ దగ్గర ఆ పప్పులుడకవు. ఏ నిమిషంలో ఏ పోర్టు (ఒకే ఐపీలో తలుపు నంబరు లాంటిది) ఏ ఇంటిదో వాళ్ల లాగ్‌లో ఉంటుంది. అలాంటి రికార్డుల్ని కనీసం రెండేళ్లు ఉంచాలని టెలికాం శాఖ 2021 డిసెంబరులో లైసెన్సు షరతులు మార్చింది.

ఇక సెట్టింగుల్లో 'అనానిమస్ మోడ్' అని ఒకటి కనిపిస్తుంది. పేరు ఘనం. అది దాచేది మనం వాడే సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ లాంటి ఆనవాళ్లని. ఐపీ మాత్రం పోవాల్సిన చోటికి పోతూనే ఉంటుంది. 'రిక్వైర్ ఎన్‌క్రిప్షన్' (డేటాని గుప్తంగా మార్చి పంపడం) పెట్టినా అంతే. దారిలో ఉన్న కంపెనీకి ఇది టోరెంట్ అని పసిగట్టడం కాస్త కష్టమవుతుంది, అవతలి పీర్‌కి మాత్రం మన చిరునామా తెలుస్తుంది.

అసలు సంగతికొస్తాను. టూల్స్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే 'నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్' అని ఉంటుంది. మామూలుగా అక్కడ 'ఎనీ ఇంటర్‌ఫేస్' అని ఉంటుంది. దాన్ని మార్చి వీపీఎన్ అడాప్టర్ (వీపీఎన్ కోసం కంప్యూటర్లో ఏర్పడే నెట్‌వర్క్ దారి) ఎంచుకోవాలి. మా ఊళ్లో ఎండాకాలం సాయంత్రాలు కరెంటు ఎలా దోబూచులాడుతుందో తెలిసిందే. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, రౌటర్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. నెట్ వచ్చాక వీపీఎన్ తిరిగి అతుక్కోడానికి కొన్ని సెకన్లు పడుతుంది. సెట్టింగ్ 'ఎనీ' మీదే ఉంటే ఆ సెకన్లలో టోరెంట్ ఊరుకోదు, ఇంటి లైను మీదే బయటికెళ్లి పది మందికి చిరునామా ఇచ్చొస్తుంది. వీపీఎన్ యాప్‌లో కిల్ స్విచ్ (వీపీఎన్ తెగితే నెట్‌నే ఆపేది) ఉంటుంది, నిజమే. కానీ ఆ యాప్ తనే కూలిపోయిన రోజున కిల్ స్విచ్ ఏం చేస్తుందో అది తయారు చేసినవాళ్ల పనితనాన్ని బట్టి ఉంటుంది. క్యూబిట్‌టోరెంట్‌ని అడాప్టర్‌కి కట్టేస్తే ఈ గొడవ లేదు. అడాప్టర్ లేకపోతే టోరెంట్‌కి దారే ఉండదు. మన దగ్గర చాలా కనెక్షన్లలో ఐపీవీ6 (కొత్త రకం ఐపీ) ఉంటోంది, కొన్ని వీపీఎన్‌లు దాన్ని పట్టించుకోవు. ఆ కంతనీ ఈ కట్టే మూసేస్తుంది. పెట్టాక, డౌన్‌లోడ్ నడుస్తుండగా వీపీఎన్ ఆపి చూడండి. స్పీడు సున్నాకి పడాలి. ఐపీలీక్ డాట్ నెట్ సైట్లో పరీక్ష కోసం ఒక మాగ్నెట్ లింక్ (టోరెంట్ మొదలుపెట్టే లింకు) ఇస్తారు, దాన్ని వేస్తే టోరెంట్ ఏ ఐపీతో బయటికి పోతోందో చూపిస్తుంది.

చిరాకు లేకపోలేదు. వీపీఎన్ నడిచే పద్ధతిని ఓపెన్‌వీపీఎన్ నుంచి వైర్‌గార్డ్‌కి మారిస్తే అడాప్టర్ పేరు మారిపోతుంది. అన్నీ 'స్టాల్డ్' అని నిలబడిపోతాయి, ఎందుకో ఒక్క ముక్క చెప్పదు. తెలియనివాళ్లు విసుగొచ్చి మళ్లీ 'ఎనీ' పెట్టేస్తారు. ఇంకోటి, టోరెంట్లు వెతికిపెట్టే సెర్చ్ ప్లగిన్లు విడిగా నడిచే పైథాన్ స్క్రిప్టులు, వాటికి ఈ కట్టు వర్తించదు. భద్రత విషయంలో దీని చరిత్ర కూడా మచ్చలేనిదేం కాదు. కొన్ని డౌన్‌లోడ్లకి సైట్ అసలుదేనని చూపే సర్టిఫికెట్లో తప్పుల్ని పట్టించుకోని లోపం ఒకటి 2010 నుంచి కూర్చుంటే, 2024 అక్టోబరులో 5.0.1లో సరిచేశారు. అంతకంటే పాత వెర్షన్ ఉంటే వెంటనే మార్చండి.

చాలా కంప్యూటర్ల మీదుగా తిప్పి మనల్ని దాచే టోర్ నెట్‌వర్క్ మీద టోరెంట్ వద్దు. టోర్ వాళ్లే 2010లో వద్దని రాశారు. టోరెంట్లు వాడే యూడీపీ అనే డేటా పద్ధతిని టోర్ మోయదు, పైగా కొన్ని టోరెంట్ సాఫ్ట్‌వేర్లు అసలు ఐపీని ట్రాకర్‌కి పంపే సందేశంలోనే రాసి ఇస్తాయి. ఐటూపీ అనే ఇంకో నెట్‌వర్క్‌లో ఐటూపీస్నార్క్ అనే టోరెంట్ సాఫ్ట్‌వేర్ నిజంగా దాగుడుమూతల కోసమే కట్టింది. ఓపిక ఉంటే బావుంటుంది. నాకు మాత్రం నత్తనడకే, కావాల్సిన తెలుగు స్కాన్లూ అక్కడ దొరకలేదు.

వీపీఎన్ పెట్టాం కదా, అంతా అయిపోయిందా? మన రహస్యం కేబులాయన చేతిలోంచి వీపీఎన్ కంపెనీ చేతిలోకి మారింది, అంతే. మన పేరు, ఐపీ లాంటి వివరాల్ని అయిదేళ్లు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్లో వీపీఎన్‌లకి ఆదేశం ఇచ్చింది. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ లాంటివి ఆ ఏడే ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. నేను సింగపూర్ సర్వర్ వాడతాను, ఇంటి స్పీడుకి పెద్ద తేడా లేదు. ఏడాదికోసారి ఒక ఐఎస్ఓ దించుకునేవాళ్లకి ఇంత ఖర్చు దండగ.

ఒక లోటు మాత్రం తీరలేదు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్లని మన కంప్యూటర్‌కి చేర్చే ఏర్పాటు) లేకపోతే బయటివాళ్లు మన దగ్గరికి రాలేరు, సీడింగ్ నీరసంగా సాగుతుంది. సీజీనాట్ కింద అది ఎటూ లేదు, నా వీపీఎన్‌లోనూ లేదు. ముల్వాడ్ అనే వీపీఎన్ అయితే ఉన్నదాన్ని 2023లో తీసేసింది. ఎవరూ సీడ్ చేయని పాత పుస్తకాలు కొన్ని నా దగ్గరే మిగిలాయి, అడిగేవాళ్లకి చేరడం లేదు. అందుకని ఈసారి రెన్యువల్‌కి, పోర్ట్ ఇచ్చే ప్రోటాన్ వీపీఎన్‌కి మారుతున్నాను.