కాలిన మచ్చకు సొంత కొవ్వు: ఏళ్లు గడిచాక నా సమీక్ష

మచ్చ పోలేదు, మెత్తబడింది. దవడ కింద నుంచి మెడ పక్కకు దిగే పాత కాలిన మచ్చకు నానోఫ్యాట్ (సొంత కొవ్వును నలిపి పలచన చేసి చర్మంలోకి ఎక్కించడం) చేయించుకున్నాక నాకు దక్కిన ఫలితం ఇదే. నాకు దీంతో నిజంగా తృప్తిగా ఉంది. రంగు ఇప్పటికీ చుట్టూ ఉన్న చర్మంతో కలవదు, ఫొటోల్లో తెలిసిపోతుంది. కానీ మునుపు తల పక్కకు తిప్పితే చర్మం తాడులా బిగుసుకుని నోటి మూలను కిందకు లాగేది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూడగలుగుతున్నాను. కాలర్ రాసుకున్నా మంట పుట్టడం లేదు.

ముందు పొట్ట దగ్గర మత్తుమందు కలిపిన సెలైన్ ఎక్కించి, సన్నటి గొట్టంతో కొవ్వు లాగారు. దాన్ని కడిగి, రెండు సిరంజిల మూతులు కలిపి బిగించి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మళ్లీ మళ్లీ నెట్టారు. పసుపు రంగులో వచ్చిన కొవ్వు చూస్తుండగానే తెల్లబడి పలచనైంది. 2013లో బెల్జియం సర్జన్ పాట్రిక్ టొనార్డ్ బృందం ప్రచురించిన పద్ధతి ఇది. 30 సార్లు అలా నెట్టి, వడకట్టి, 27 గేజ్ లాంటి సన్న సూదితో చర్మంలోకి ఎక్కిస్తారు. అంత నలిగాక కొవ్వు కణాలు బతకవు. ఆ బృందం పరీక్షించినప్పుడు కూడా బతికున్న కొవ్వు కణాలు కనిపించలేదు, స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) మాత్రం మిగిలాయి. అందుకే నానోఫ్యాట్‌తో గుంట పూడదు, చర్మం తీరు మారుతుంది. గుంట పూడాలంటే కణాలు నలగకుండా ఎక్కించే మామూలు ఫ్యాట్ గ్రాఫ్టింగ్ కావాలి. దవడ అంచున నాకున్న చిన్న లోతుకు అది విడిగా చేశారు.

ఆ పని కొత్తదేం కాదు. జర్మనీలో గుస్తావ్ నోయ్‌బర్ 1893లోనే చేతి నుంచి కొవ్వు తీసి ముఖం మీది లోతు మచ్చకు వాడాడు. కొవ్వులో స్టెమ్ సెల్స్ ఉన్నాయని అమెరికాలో పాట్రీషియా జుక్ బృందం చూపించింది మాత్రం 2001లో. నాకు ధైర్యం ఇచ్చింది ఇంకొకటి. 2007లో ఇటలీ సర్జన్ జీనో రిగోట్టి బృందం రేడియేషన్ వల్ల గట్టిపడి పుండ్లు పడిన ఛాతీ చర్మానికి ఇలా కొవ్వు ఎక్కించి, కణజాలం కోలుకోవడాన్ని నివేదించింది. ఈ కణాలు అవే చర్మంగా మారిపోవడం కంటే, అవి విడుదల చేసే, కణాల పెరుగుదలను ప్రేరేపించే గ్రోత్ ఫ్యాక్టర్ల వల్ల చుట్టూ కొత్త రక్తనాళాలు పుట్టడం, వాపు తగ్గడం, చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్ అయిన కొల్లాజెన్ మళ్లీ సర్దుకోవడం ముఖ్యమని డాక్టర్ వివరించారు. అలా సర్దుకోవడానికి నెలలు పడుతుంది. మొదటి వారాల్లో అద్దం చూసుకుని టెన్షన్ పడకండి. అప్పుడు కనిపించేది చాలావరకు వాపే.

నొప్పి మచ్చ దగ్గర కంటే పొట్ట మీదే ఎక్కువ. కమిలిన చోట నల్లగా, పచ్చగా మారుతూ వచ్చింది, బెల్ట్ కట్టుకోక తప్పలేదు. దవడ దగ్గర ఎక్కించిన కొవ్వులో కొంత కరిగిపోయింది. ఎంత నిలుస్తుందన్నది మనిషిని బట్టి, చోటును బట్టి చాలా తేడాగా ఉంటుంది. అందుకే ఇంకోసారి చేయించుకున్నాను. నిలిచిన కొవ్వు బతికున్నదే కాబట్టి బరువు పెరిగితే అదీ పెరుగుతుంది. నాకు ఆ తేడా దవడ దగ్గర స్పష్టంగా తెలిసింది.

నాకు కోపం తెప్పించిన విషయం ఒకటుంది. ఇది చేయించుకునే ముందు ఒక చోట స్టెమ్ సెల్ ఫేషియల్ అని చెప్పి నాకు అంటగట్టబోయింది డబ్బాలోని క్రీమ్. నెలల తరబడి అరలో ఉండే డబ్బాలో ప్రాణమున్న కణాలు ఎలా బతుకుతాయి? మొక్కల కణాల సారం కలిపి ఆ పేరు పెట్టేస్తున్నారు. కాలిన మచ్చతో ఏళ్లుగా నలిగిపోతున్న మనిషి ఆశతో ఇలా వ్యాపారం చేయడం అన్యాయం.

ఇంకో రకం జాగ్రత్త ఎంజైమ్ విషయంలో. కొల్లాజినేజ్ అనే ఎంజైమ్‌తో కొవ్వును కరిగించి కణాలను విడదీసి ఎక్కించడం, సిరంజిలో నలిపి ఎక్కించడం ఒకటి కాదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొదటిదాన్ని మందుగా పరిగణిస్తుంది. అనుమతి లేకుండా వాడకూడదని కోర్టుకు వెళ్లింది, 2024లో అప్పీల్ కోర్టు ఎఫ్‌డీఏ వైపే నిలిచింది. కాబట్టి మీకు చేసేది ఈ రెండిట్లో ఏదో ముందే అడగండి. కాగితం మీద రాయించుకోండి. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు తమ క్యాన్సర్ డాక్టర్‌ను సంప్రదించకుండా దీని జోలికి వెళ్లొద్దు.

ముఖం మీద చేయించుకునేవాళ్లు ఇంకొకటి తప్పక అడగాలి. కొవ్వు పొరపాటున రక్తనాళంలోకి వెళితే చూపు పోయే ప్రమాదం ఉంది. అరుదే అయినా, జరిగాక వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం. కనుబొమల మధ్య, ముక్కు దగ్గర ఆ భయం మరీ ఎక్కువ. నాకు చేసిన డాక్టర్ దవడ దగ్గర కొవ్వు ఎక్కించడానికి మొన మొద్దుగా ఉన్న సన్న గొట్టమే (కాన్యులా) వాడారు, కొంచెం కొంచెంగా, గొట్టాన్ని వెనక్కి తీస్తూ వదిలారు. ఎందుకలా అని అడిగితే విసుక్కోకుండా చూపించి మరీ చెప్పారు. అలా చెప్పని చోట నేనైతే చేయించుకోను.